ఇంట్లో కాచే పన్నీరు

పెళ్లి పందిట్లోకి రాగానే పన్నీరు చల్లుతారు. ముఖం మీద చల్లగా పడుతుంది. మరి పన్నీరు ఎలా తయారవుతుంది? గులాబీలు పిండితే వస్తుందా? రాదు. నానబెడితే వస్తుందా? అట్లా కూడా రాదు. ఆవిరి పట్టాలి.

యాలాల్ మండలంలో ఈ సంగతి చెప్పడం తేలిక. తాండూరు చుట్టుపక్కల నేల కింద సున్నపు బండ ఉంది. బోరు నీళ్లు రోజూ కాగబెట్టిన గంజు లోపల తెల్లటి పొర కడుతుంది. తోమినా ఒక పట్టాన పోదు. నీళ్లు ఆవిరై పైకి పోతాయి. వాటిలో కరిగి ఉన్న సున్నం మాత్రం పోలేదు. అడుగునే ఉండిపోతుంది.

అదే గంజులో గులాబీ రేకులు వేసి కాచారనుకోండి. పూలలో వాసన ఇచ్చే నూనె కొంచెం ఉంటుంది. అది ఆవిరితో కలిసి పైకి లేస్తుంది. ఆవిరి చల్లని మూతకు తగిలి మళ్లీ నీళ్లవుతుంది. ఆ నీళ్లే పన్నీరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో పెద్ద పెద్ద రాగి పాత్రలకు వెదురు గొట్టం బిగించి ఇట్లాగే కాస్తారు.

ఇంట్లో అంత సరంజామా అక్కర్లేదు. గంజు నడుమ శుభ్రంగా కడిగిన బండ ముక్క పెట్టాలి. దాని మీద ఖాళీ గిన్నె పెట్టాలి. చుట్టూ నాలుగు దోసిళ్ల రేకులు వేసి, అవి మునిగేటన్ని నీళ్లు పోయాలి. గిన్నెలోకి నీళ్లు పోకూడదు. మూత తిరగేసి పెట్టాలి. మూత పిడి సరిగ్గా గిన్నె మీదికి రావాలి. అంచుకు తడిపిండి మెత్తితే ఆవిరి బయటికి పోదు. మూత పైన చల్లని నీళ్లు పోసి, సన్నని మంట పెట్టాలి. పైనీళ్లు వేడెక్కితే తీసి మళ్లీ చల్లనివి పోయాలి. అరగంటలో గిన్నెలోకి కొంత పన్నీరు దిగుతుంది. అడుగు నీళ్లు ఇంకిపోక ముందే దించాలి. లేకపోతే మాడు వాసన పడుతుంది.

గుడుంబా కాచేది కూడా ఇట్లాగే కదా అని ఎవరైనా నవ్వవచ్చు. నిజమే. కానీ గుడుంబాకు బెల్లం పులియబెడతారు. మత్తు పుట్టేది ఆ పులియడంలోనే. (1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లే.) పన్నీరులో పులిసేది ఏమీ లేదు.

తులసి ఆకు, వట్టివేరు కూడా ఇట్లా కాయవచ్చు. వేపాకు కాస్తే మాత్రం ఒక తమాషా జరుగుతుంది. నీళ్లకు వాసన వస్తుంది, చేదు రాదు. సున్నం లాగా చేదు కూడా గంజులోనే ఉండిపోతుంది. గులాబీ రంగూ అంతే. అసలు పన్నీరుకు రంగు ఉండదు. ఎర్రటి పన్నీరు అమ్ముతున్నారంటే రంగు కలిపారన్నమాటే.

పత్తి, కంది చేన్లకు పురుగుమందు కొడతారు. ఆ గట్ల మీది ఆకులు, పూలు వద్దు. పెరట్లోవి మేలు. సీసాను నీళ్లలో మరగబెట్టి, ఆరిన తర్వాతనే పన్నీరు పోయాలి. బయట ఉంచితే రెండు రోజులకు మించి వాడకూడదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. జిగురు వచ్చినా, వాసన మారినా పారబోయాలి. అది రాస్తే ఉన్న చర్మం పాడవుతుంది.

మొదట మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒక రోజు చూడాలి. దద్దు లేస్తే వాడవద్దు. కళ్లలో వేయకూడదు, పుండ్ల మీద రాయకూడదు. ఎండలో బండల పని చేసి వచ్చినవాళ్లు ముఖం కడుక్కుని పన్నీరు అద్దుకుంటే హాయిగా ఉంటుంది. తడి ఆరక ముందే కొంచెం కొబ్బరి నూనె రాస్తే చర్మం పగలదు.

అంతవరకే దాని పని. గజ్జి, తామర పన్నీరుతో పోవు. దుకాణంలో అడిగి తెచ్చిన ఏదో ట్యూబు రాస్తే తామర ఇంకా పాకవచ్చు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. పన్నీరు రాస్తూ నెలలు గడిపితే చేతులు, కాళ్లు మొద్దుబారతాయి. వెంటనే సర్కారు దవాఖానాలో చూపించాలి. కుష్ఠుకు మందు అక్కడ ఉచితంగా ఇస్తారు. డాక్టరు చెప్పినన్ని నెలలు ఆపకుండా మింగితే నయమవుతుంది.