ఇంటిలోని ఎండకు ఆయుర్దాయమెంత?

బట్టలు ఆరబెట్టే యంత్రం పదమూడు సంవత్సరాలు పనిచేస్తుందని లెక్కలు చెబుతున్నవి. ఆ లెక్కను పెంచేదీ, తుంచేదీ ఇంటివారి అలవాట్లే.

న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో కాపురమున్న కుమార్తె ఇంటికి తొలిసారిగా వెళ్ళిన తెలుగు తల్లి మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటున్నది: “దండెం ఎక్కడ కట్టారమ్మా?” ఇంటి వెనుక పచ్చిక ఉన్నది, ఎండ ఉన్నది, తాడు కట్టడానికి రెండు చెట్లూ ఉన్నవి, దండెం మాత్రం కనిపించదు. అమెరికాలోని అనేక కాలనీలలో ఇళ్ళ యజమానుల సంఘాలు ఆరుబయట బట్టలు ఆరవేయడాన్ని ఒప్పుకోవు. ఫ్లారిడా వంటి కొన్ని రాష్ట్రాలు అటువంటి నిషేధాలు చెల్లవని చట్టం చేసినప్పటికీ, దండెం ఇంటి అందాన్ని చెరుపుతుందన్న భావన చాలాచోట్ల నిలిచే ఉన్నది.

కుమార్తె నవ్వి, తల్లిని ఒక చిన్న గదిలోకి తీసుకొని వెళ్ళి, తెల్లని పెట్టె వంటి యంత్రాన్ని చూపుతుంది. తడిబట్టలు లోపల వేసి మీట నొక్కితే, ముప్పావు గంటకు అవి పొడిగా, గోరువెచ్చగా బయటికి వస్తాయి. తల్లి అబ్బురపడుతుంది. మరుక్షణమే రెండవ ప్రశ్న వేస్తుంది: “ఎన్నాళ్ళు వస్తుందమ్మా ఇది?”

సంసారం ఈదిన మనిషి ఏ వస్తువును చూసినా అడిగే ప్రశ్న అదే. దీనికి సమాధానం ఉన్నది. అయితే ఆ సమాధానంలో ఇంటి ఖర్చు మాత్రమే కాక, ఇంటి క్షేమం కూడ ఇమిడి ఉన్నది.

లెక్కలు చెప్పే వయస్సు

అమెరికాలోని గృహనిర్మాతల జాతీయ సంఘం 2007లో ఇంటి సామగ్రి ఆయుర్దాయంపై ఒక అధ్యయనాన్ని వెలువరించింది. గ్యాసు పొయ్యికి 15 సంవత్సరాలు, రిఫ్రిజిరేటరుకూ బట్టల డ్రయ్యరుకూ చెరి 13 సంవత్సరాలు, గిన్నెలు కడిగే యంత్రానికి 9 సంవత్సరాలు అని అందులో పేర్కొన్నారు. మరమ్మతు పనివారు సాధారణంగా చెప్పే మాట 10 నుంచి 13 సంవత్సరాలు.

పదమూడేళ్ళంటే ఆ యంత్రం చేసిన చాకిరీ ఎంత? అమెరికా ఇంధన శాఖ తన పరీక్షల నిమిత్తం ఒక కుటుంబం ఏడాదికి 283 తడవలు డ్రయ్యరు వాడుతుందని లెక్క కట్టింది. ఆ ప్రకారం పదమూడేళ్ళకు సుమారు 3,680 తడవలు అవుతుంది. తడవకు ముప్పావు గంట చొప్పున, డ్రమ్ము నిమిషానికి సుమారు 50 చుట్లు తిరుగుతుందనుకుంటే, మొత్తం 80 లక్షల చుట్లు దాటుతుంది. వారానికి రెండుసార్లు వాడే దంపతుల ఇంటి యంత్రమూ, పసిపిల్లలున్న ఇంట్లో రోజుకు రెండుసార్లు తిరిగే యంత్రమూ ఒకే ఏడాది కొన్నవైనా ఒకే వయస్సువి కావు. ఎడ్లబండి వయస్సును ఏళ్ళతో కాక నడిచిన దూరంతో కొలిచినట్లు, డ్రయ్యరు వయస్సును తిరిగిన తడవలతో కొలవాలి.

యంత్రాలన్నీ పూర్ణాయుష్షు పొందడంలేదు. జర్మనీలో పర్యావరణ సంస్థ కోసం జరిగిన పరిశోధన ఫలితాలు ఈ విషయంలో ఆలోచింపజేసేవి. పెద్ద గృహోపకరణాలలో, చెడిపోయిన కారణంగా ఐదేళ్ళలోపే మార్చవలసి వచ్చినవి 2004లో 3.5 శాతం కాగా, 2012 నాటికి 8.3 శాతానికి పెరిగాయి. ఇంకొక విశేషమేమంటే, మార్చివేసిన పెద్ద ఉపకరణాలలో దాదాపు మూడవ వంతు అప్పటికింకా పనిచేస్తూనే ఉన్నవి. వాటి ఆయువు తీరలేదు. యజమానుల మోజు తీరింది.

చలిలో పుట్టిన యంత్రం

ఈ యంత్రం పుట్టుక చలిదేశాల అవసరం నుంచే. 1800 ప్రాంతంలో పోషోన్ అనే ఫ్రెంచి దేశస్థుడు చిల్లులున్న డ్రమ్ములో తడిబట్టలు వేసి, నిప్పుపై చేతితో తిప్పే సాధనాన్ని తయారుచేశాడు. బట్టలకు పొగవాసన పట్టేది. అప్పుడప్పుడు మసి కూడ అంటేది. 1892లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జార్జి శాంప్సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త, పొయ్యి వేడితో బట్టలారే చట్రానికి పేటెంటు పొందాడు.

నేటి డ్రయ్యరుకు మూలపురుషుడు ఉత్తర డకోటాకు చెందిన రాస్ మూర్. గడ్డకట్టే చలిలో తల్లి బయట బట్టలు ఆరవేయడం చూసి, ఆమె కష్టం తీర్చాలని అతడు ఒక పాకలో పొయ్యి పెట్టి, దానికి డ్రమ్మును జోడించాడు. ఆ ఊహ అంగడిలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. తుదకు 1938లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హామిల్టన్ కంపెనీ ‘జూన్ డే’ అనే పేరుతో ఆ యంత్రాన్ని విడుదల చేసింది. లోపల తిరిగే బట్టలు కనిపించేటట్లు తలుపుకు అద్దం అమర్చాలన్న సూచన బ్రూక్స్ స్టీవెన్స్ అనే రూపశిల్పిది. తల్లి చలిబాధ నుంచి పుట్టిన ఊహకు జూన్ మాసపు ఎండ పేరు పెట్టడం ఎంతో సముచితం.

ముందుగా అలసిపోయేది ఏది?

డ్రయ్యరు నిర్మాణం చాలా సరళమైనది. ఒక మోటారు, డ్రమ్మును చుట్టి తిప్పే రబ్బరు బెల్టు, డ్రమ్ము బరువును మోసే చిన్న చక్రాలు, గాలిని వేడిచేసే తీగచుట్ట, ఆ గాలిని తోసే పంకా, వేడి హద్దు మీరకుండా కాపలా కాసే థర్మోస్టాటు, ప్రమాదవేళ తాను కాలిపోయి యంత్రాన్ని ఆపే ఫ్యూజు ఇందులో ప్రధానమైనవి. ఎక్కువ భాగాలు ఒకదానితో ఒకటి ముడిపడక విడివిడిగా ఉన్నందువల్ల, ఒకటి పోతే దానిని మాత్రమే మార్చవచ్చు.

యంత్రం తన జబ్బును తానే చెప్పుకుంటుంది. తిరిగేటప్పుడు కీచుమని అరిస్తే, బరువు మోసే చక్రాలు అరిగినవని అర్థం. మోటారు మూలుగుతున్నా డ్రమ్ము కదలకపోతే బెల్టు తెగి ఉంటుంది. డ్రమ్ము తిరుగుతున్నా బట్టలు చల్లగా, తడిగా ఉంటే వేడిచేసే తీగగాని, ఫ్యూజుగాని పోయి ఉండవచ్చు. ముప్పావు గంటలో ఆరవలసినవి గంటన్నర పడితే, చాలా సందర్భాలలో యంత్రంలో దోషమే ఉండదు. గాలి పోయే మార్గం మూసుకొని పోయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఫ్యూజు కాలిపోవడం రోగం కాదు, రోగలక్షణం. వేడి ఎందుకు పెరిగిందో చూడకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ కాలిపోతుంది. ఫ్యూజును తప్పించి తీగలు కలిపివేయడం, కాపలావాడిని పంపివేసి తలుపులు తెరచి పడుకోవడం వంటిది.

పీచు అనే శత్రువు

కొత్త తువ్వాలు ఏడాదికి పలుచబడుతుంది. అది పోగొట్టుకున్న నూలు ఎక్కడికి పోయింది? కొంత ఉతుకునీటిలోను, మిగిలినది డ్రయ్యరు జల్లెడలోను చేరుతుంది. దూదివలె మెత్తగా, బూడిదరంగులో పేరుకొనే ఈ పీచును ఎప్పటికప్పుడు తీసివేయకపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే వేడి లోపలే నిలుస్తుంది. బట్టలు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. మోటారు, బెల్టు, తీగచుట్ట అన్నీ అదనంగా శ్రమపడతాయి. యంత్రం వయస్సు తరిగేది ఈ విధంగానే.

తరిగేది యంత్రం వయస్సు మాత్రమే అయితే ఇంతగా చెప్పనక్కరలేదు. ఎండిన పీచు ఇట్టే అంటుకుంటుంది. 2008 నుంచి 2010 వరకు అమెరికా నివాస గృహాలలో డ్రయ్యర్ల మూలంగా ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగినట్లు, వాటిలో ఏడాదికి 5 గురు మరణించి, 100 మంది గాయపడి, మూడున్నర కోట్ల డాలర్ల ఆస్తి నష్టమైనట్లు ఆ దేశపు అగ్నిమాపక శాఖ లెక్కించింది. వాటికి కారణాలలో అన్నిటికంటె ముందున్నది శుభ్రం చేయకపోవడం: 34 శాతం. కిటికీలు మూసి, బరువైన ఉన్నిబట్టలు ఆరబెట్టుకొనే చలికాలంలో ఈ ప్రమాదాలు హెచ్చు.

నివారణ అతి సులభం. ప్రతి తడవ వాడకానికి ముందు జల్లెడ పీచు తీయాలి. ఇది అర నిమిషం పని. ఏడాదికొకసారి యంత్రాన్ని గోడనుంచి జరిపి, వెనుక గొట్టాన్ని శుభ్రం చేయించాలి. ఆ గొట్టం ప్లాస్టిక్‌ది కాక గట్టి లోహపుదై, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. యంత్రం తిరుగుతుండగా ఇల్లు విడిచి వెళ్ళడం, నిద్రపోవడం తగదు.

తలంటు తువ్వాళ్ళు: దాగిన నిప్పు

తెలుగు ఇళ్ళలో మరొక జాగ్రత్త అత్యవసరం. పండుగనాడు నువ్వుల నూనెతో తలంటుకొని తుడుచుకున్న తువ్వాళ్ళు, పోపు నూనె ఒలికితే తుడిచిన వంటింటి గుడ్డలు ఉతికినప్పటికీ వాటి నూనె పూర్తిగా పోదు. అటువంటి వాటిని డ్రయ్యరులో వేస్తే వేడికి ఆ నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలవడం మొదలిడుతుంది. ఆ కలయిక మరింత వేడి పుట్టిస్తుంది. వేడిగా ఉన్న బట్టలను కుప్పగా పోసి వదలివేస్తే, ఆ వేడి బయటికి పోలేక, కొన్ని గంటల తరువాత ఎవరూ నిప్పు పెట్టకుండానే కుప్ప అంటుకోవచ్చు. చాలా డ్రయ్యర్లు చివరి కొద్ది నిమిషాలు చల్లని గాలితో తిరిగేది ముడతలు పడకుండా ఉండేందుకే కాక, ఇందుకోసం కూడ. ఆ భాగం పూర్తికాకముందే యంత్రాన్ని ఆపి బట్టలు కుప్పవేయరాదు. నూనె గుడ్డలకు తగిన చోటు ఆరుబయలే.

బాగుచేయించాలా, మార్చాలా?

పదేళ్ళనాటి యంత్రం ఆగిపోయినప్పుడు ఇంట్లో తప్పక చర్చ జరుగుతుంది. అందుకు వాడుకలో ఒక సులభమైన కొలమానమున్నది: యంత్రం సగం వయస్సు దాటి, మరమ్మతు ఖర్చు కొత్త యంత్రం వెలలో సగాన్ని మించితే మార్చడం మేలు, లేకుంటే బాగుచేయించడమే మేలు. బెల్టు, చక్రాలు, ఫ్యూజు, తీగచుట్ట వంటివి సాధారణంగా ఈ హద్దుకు లోపలే ఉంటాయి. మోటారు, విద్యుత్ నియంత్రణ పలక రెండూ పోతే మాత్రం లెక్క తారుమారు కావచ్చు.

కొత్తది కొనేటప్పుడు చూడవలసినది వెల ఒక్కటే కాదు. ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ విద్యుత్తు కావాలి. ఇది ప్రకృతి నియమం. దానిని తప్పించుకోవడం అసాధ్యం. పాత తరహా యంత్రం తడవకు 2 నుంచి 4 యూనిట్లు ఖర్చుచేసి, వేడిగాలిని బయటికి వదలివేస్తుంది. హీట్ పంప్ డ్రయ్యరు ఆ ఆవిరిలోని వేడిని తిరిగి పట్టుకొని మళ్ళీ వాడుకుంటుంది. అందువల్ల దానికి సగం విద్యుత్తు చాలు. వేడి తక్కువ కనుక బట్టలూ ఎక్కువకాలం మన్నుతాయి. ఆరడానికి కొంత ఎక్కువసేపు పడుతుంది, కొనుగోలు వెల అధికం. యూరోపు దేశాలలో 2025 జూలై 1 నుంచి కొత్తగా విక్రయించే గృహ డ్రయ్యర్లు ఆచరణలో ఈ కోవకు చెందినవే కావాలి. వాటి ముఖ్యమైన విడిభాగాలు 10 సంవత్సరాలు దొరికేటట్లు కూడ నిబంధన ఉన్నది. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ప్రత్యేక పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువు కొన్నవారికి దానిని బాగుచేయించుకొనే వీలు ఉండాలన్న భావం ప్రబలుతున్నది.

ఆయువు పెంచే అలవాట్లు

డ్రయ్యరు పని సగం తగ్గేది ఉతికే యంత్రంలోనే. అక్కడ వేగంగా తిప్పి నీరు పిండితే, ఆవిరి చేయవలసిన నీరు తగ్గుతుంది. బట్టలను పురితిరిగిన ముద్దగా కాక, దులిపి వేయాలి. కుక్కి నింపితే బెల్టు, చక్రాలు అరుగుతాయి, గాలి తిరగదు. తేమను పసిగట్టే లోహపు పట్టీలపై మెత్తదనం కోసం వేసే సుగంధపు కాగితాల మైనం పేరుకుంటుంది. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి. తక్కువ వేడితో ఆరేవాటికి ఎక్కువ వేడి పెట్టరాదు.

అన్నిటికంటె మంచి ఉపాయం ఆ తల్లికి ముందే తెలుసు. ఆమె ఆరు నెలలు ఉండి తిరిగి వెళ్ళేనాటికి, గ్యారేజీలో ఒక మూలనుంచి మరొక మూలకు సన్నని తాడు ఒకటి వెలుస్తుంది. కాలనీ నిబంధన ఆ తాడును చూడలేదు. నూలు చీరలు, పంచెలు, తలంటు తువ్వాళ్ళు దానిమీద ఆరుతాయి. దుప్పట్లకు, మంచు రోజుల ఉన్నిబట్టలకు మాత్రం యంత్రం తిరుగుతుంది. వారానికి ఐదు తడవలు తిరిగేది మూడుకు తగ్గితే, 3,680 తడవల సత్తా గల యంత్రానికి పద్నాలుగేళ్ళ స్థానంలో ఇరవై మూడేళ్ళు పడుతుంది. రబ్బరు, తీగలు కాలధర్మానికి లోబడినవే కనుక అది అక్షరాలా నిజం కాకపోవచ్చు. కొన్నేళ్ళు కలిసిరావడం మాత్రం ఖాయం.

“ఎన్నాళ్ళు వస్తుందమ్మా ఇది?” అన్న ఆమె ప్రశ్నకు సమాధానం అంగట్లో రాసి ఇచ్చే హామీపత్రంలో లేదు. కొంత ఆ జల్లెడలో ఉన్నది. కొంత ఆమె కట్టిన తాడుమీద ఉన్నది.