బుల్లి విమానానికి కొత్త సర్వో

రేడియోతో నడిచే నమూనా విమానంలో చుక్కానిని తిప్పే చిన్న మోటారు పెట్టెనే సర్వో అంటారు. దాని పళ్ళచక్రం అరిగిందా, వేటపాలెం దగ్గర రామాపురం తీరంలో వీచే గాలికి విమానం మాట వినదు, నేలకూలుతుంది. మరి కొత్తది ఎలా ఎంచాలి?

బరువొక్కటే చూస్తే చాలదు. 9 గ్రాముల సర్వోకి 1.8 కిలో-సెంటీమీటర్లు అని రాసి ఉందనుకోండి. ఇరుసుకు 1 సెంటీమీటరు దూరాన 1.8 కిలోల బరువును ఆపగలదన్నమాట. చేతిని 2 సెంటీమీటర్లకు పొడిగిస్తే? 0.9 కిలోయే! మీరు చదివిన బలభ్రామకం ఇదే. పైగా విమానవేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది.

నైలాన్ పళ్ళు తేలిక, దెబ్బకు విరుగుతాయి. లోహపువి గట్టివి, బరువు. నేర్చుకునేవారికి నైలానే మేలని నా అభిప్రాయం.

పాతదాన్ని పారేయకండి. విప్పితే పొటెన్షియోమీటరు కనిపిస్తుంది. చెయ్యి ఎంత తిరిగిందో సర్క్యూటుకు చెప్పేది అదే.