కొలనుపాక జైన మందిరం: శాసనంలో హైదరాబాద్ సుబేదారు పేరు

ఆనందపురం నుంచి విజయనగరం వెళ్లి, అక్కడి నుంచి మరో 12 కిలోమీటర్లు పోతే రామతీర్థం వస్తుంది. రాముడి గుడి ఉన్న ఊరుగానే చాలామందికి తెలుసు. కానీ అక్కడి కొండల మీద బౌద్ధ ఆరామాల శిథిలాలు, జైన తీర్థంకరుల విగ్రహాలు కూడా ఉన్నాయి. వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు అనే జైనముని ఈ కొండను దర్శించుకున్నాడని అక్కడి గుహ శాసనం చెబుతోంది. ఇది 11వ శతాబ్దం తొలినాళ్ల మాట. ఒకప్పటి ఆ జైన క్షేత్రం ఇప్పుడు శిథిలాలుగానే మిగిలింది.

తెలుగు నేల మీదే ఉన్న మరో జైన క్షేత్రం మాత్రం నేటికీ యాత్రికులతో కళకళలాడుతోంది. అదే తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాక. జైనులు దీన్ని ‘కుల్పాక్‌జీ’ అంటారు. ఒకటి శిథిలమైతే మరొకటి ఎలా నిలిచింది? కొలనుపాక చరిత్రలో దీనికి కొంత జవాబు దొరుకుతుంది.

చిన్న ఊరు, పెద్ద చరిత్ర

హైదరాబాద్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఆలేరు దగ్గర ఉంటుంది ఈ ఊరు. ఇప్పుడు చూస్తే మామూలు పల్లెటూరే. కానీ కల్యాణి చాళుక్యుల కాలంలో ‘కొల్లిపాక’ ఒక పెద్ద రాజకీయ కేంద్రం. చుట్టుపక్కల ప్రాంతాన్ని ‘కొల్లిపాక-7000’ అనే నాడుగా లెక్కించేవారు. ఇదే ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది. వీరశైవుల ఆచార్యుడు రేణుకాచార్యుడు అక్కడి లింగం నుంచే ఆవిర్భవించాడని వారి నమ్మకం.

జైన మందిరంలో ముఖ్యమైన విగ్రహం మొదటి తీర్థంకరుడు రుషభనాథునిది. ఆయన్ని మాణిక్యస్వామి అని పిలుస్తారు. పక్కనే చివరి తీర్థంకరుడు మహావీరుని విగ్రహం ఉంది. జేడ్ అనే ఆకుపచ్చ రాయితో చేసిన ఈ విగ్రహం ఎత్తు నాలుగు అడుగులకు పైమాటే. 14వ శతాబ్దపు జైనముని జినప్రభసూరి తన ‘వివిధ తీర్థ కల్పం’లో ఈ క్షేత్రం గురించి రాశారు. ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో గౌరవం పొందిన ముని ఆయన. జైన క్షేత్రాల రక్షణ కోసం సుల్తాన్ నుంచి ఫర్మానాలు కూడా తెచ్చుకున్నారు.

యూసుఫ్ ఖాన్ సాయం

మందిరం ఎన్నోసార్లు పాడైంది, ఎన్నోసార్లు బాగుపడింది. అందులో ఒక మరమ్మత్తు గురించి మన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. విక్రమ శకం 1767 నాటి, అంటే 1710-11 ప్రాంతపు శాసనం ఒకటి ఉంది. ఔరంగజేబు కుమారుడు బహదూర్ షా పాలనలో, సుబేదారు యూసుఫ్ ఖాన్ సాయంతో, కేసరకుశల అనే జైన పండితుడు మందిరాన్ని బాగు చేయించి చుట్టూ ప్రాకారం కట్టించారని జైనులు ఆ శాసనం ఆధారంగా చెబుతారు.

అప్పట్లో ఈ ప్రాంతం ప్రశాంతంగా ఏమీ లేదు. సర్వాయి పాపన్న తిరుగుబాటు జరిగింది ఇక్కడే. ఆయన మీదికి 1710లో సైన్యాన్ని నడిపించిన హైదరాబాద్ సుబేదారు పేరు కూడా యూసుఫ్ ఖానే. అంతటి కల్లోలం నడుమ ఒక ముస్లిం అధికారి జైన మందిరానికి అండగా నిలిచాడు. సాయం అందుకున్నవారు ఆయన పేరును మర్చిపోలేదు, రాతి మీద చెక్కించుకున్నారు. చరిత్రలో గొడవలు లేవని కాదు. అయితే గొడవల లెక్కతో పాటు ఇలాంటి సాయాల లెక్క కూడా పిల్లలకు చెప్పాలి.

తర్వాతి కాలంలో రాజస్థాన్, గుజరాత్ నుంచి వచ్చిన శిల్పులు మందిరానికి ఇప్పటి రూపం తెచ్చారు.

జైనుల నమ్మకం, నియమాలు

జైనులు సృష్టికర్తను నమ్మరు. మనసును జయించి దారి చూపిన 24 మంది తీర్థంకరులను పూజిస్తారు. అహింస వారి ధర్మానికి మూలం. అందుకే మాంసం ముట్టరు. నిష్ఠగా ఉండేవారు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ కూడా తినరు. సూర్యాస్తమయం తర్వాత భోజనం చేయరు. రోజా ఉండేవాళ్లకు ఇఫ్తార్‌తో భోజనం మొదలయ్యే వేళకు వారి భోజనం ముగిసిపోతుంది. వేళలు వేరైనా ఆకలిని అదుపులో పెట్టుకోవడం రెండుచోట్లా ఇబాదత్‌లో భాగమే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో జైనులు సుమారు 44.5 లక్షలు. 2014 జనవరిలో కేంద్రం వారిని కూడా జాతీయ మైనారిటీగా గుర్తించింది. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీల తర్వాత ఆరో వర్గం వారిది.

చూడాలనుకుంటే

విశాఖ నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు దారిలోనే ఆలేరు స్టేషన్ ఉంది. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, టికెట్ తీసుకునే ముందే చూసుకోవాలి. స్టేషన్ నుంచి ఊరు సుమారు 6 కిలోమీటర్లు. మాంసాహారం, తోలు వస్తువులు జైన మందిరాల్లోకి తీసుకెళ్లకూడదు. బెల్టు, పర్సు లాంటివి బయటే పెట్టడం మర్యాద. లోపల ఫొటోలు తీయాలంటే ముందు అడగాలి. దర్గాకో, మస్జిద్‌కో వచ్చే అతిథి నుంచి మనం ఏ అదబ్ ఆశిస్తామో, అక్కడ మనం చూపించాల్సిందీ అదే.