జర్మనీలో శరణార్థుల తొలి రోజులు

2015లో సుమారు 8.9 లక్షల మంది శరణు కోరుతూ జర్మనీ చేరారు. సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్‌ల నుంచి వచ్చినవారే వారిలో ఎక్కువ. చదువుకో, ఉద్యోగానికో వీసా తీసుకుని వచ్చే మన తెలుగువాళ్లు ఏ ఊళ్లో ఉండాలో ముందే అనుకుని వస్తారు. శరణార్థులకు ఆ వీలు లేదు. రాష్ట్రాల పన్నుల రాబడికి రెండు వంతులు, జనాభాకు ఒక వంతు చొప్పున లెక్కకట్టి, ఏ రాష్ట్రం ఎంతమందిని తీసుకోవాలో ప్రభుత్వమే తేలుస్తుంది.

అలా పంపిన చోట శరణార్థుల వసతి గృహంలో చేరినవారు ముందుగా కనిపెట్టుకుని ఉండాల్సింది టపాను. దరఖాస్తు మీద నిర్ణయం తరచూ పసుపు కవరులో వస్తుంది. అందజేసిన తేదీ ఆ కవరు మీదే రాసి ఉంటుంది. శరణు నిరాకరిస్తే కోర్టుకు వెళ్లడానికి మామూలుగా రెండు వారాలు, కొన్ని కేసుల్లో ఒక్క వారమే గడువు. అక్షరం ముక్క అర్థంకాని కాగితం, పక్కనే పరుగెత్తే గడువు. అలాంటప్పుడు చదివిపెట్టే మనిషి దొరికితే చాలు, సగం గండం గట్టెక్కినట్టే.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయనీ, ఖాళీ సీసా మెషీన్‌లో వేస్తే 25 సెంట్ల దాకా తిరిగొస్తాయనీ పక్కవాళ్లను చూసి వారంలో తెలుసుకోవచ్చు. భాష అలా రాదు. కొత్తగా వచ్చినవారి కోసం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకు సాధారణంగా 600 పీరియడ్లు, చట్టం, చరిత్ర, సమాజం గురించి మరో 100. చివర్లో 33 ప్రశ్నల పరీక్ష. 2015 చివర్లో, శరణు దొరికే అవకాశం ఎక్కువున్న సిరియా, ఇరాక్, ఇరాన్, ఎరిట్రియా వాళ్లను నిర్ణయం రాకముందే ఈ తరగతుల్లో చేర్చుకున్నారు. అఫ్గాన్లకు ఆ వెసులుబాటు దొరకలేదు. పనికి కూడా కనీసం మూడు నెలలు ఆగాల్సిందే. పనీ, తరగతీ లేకుండా గదిలో కూర్చున్నవాడు జర్మన్ ఎవరితో మాట్లాడతాడు? కొత్త దేశంలో కలిసిపోవడానికి వచ్చినవాడి పట్టుదల ఎంత అవసరమో, ఆతిథ్య దేశం తొందరగా దారి ఇవ్వడమూ అంతే అవసరం.

దారి దొరికినవారు ఎంత దూరం వచ్చారో 2024 లెక్కలు చెబుతాయి. ఆ ఏడాది జర్మన్ పౌరసత్వం పొందిన సుమారు 2.92 లక్షల మందిలో 83 వేల పైచిలుకు సిరియన్లే. భాషా పరీక్ష నెగ్గి, సొంత సంపాదన చూపిస్తే తప్ప మామూలుగా ఆ పౌరసత్వం రాదు.

జర్మనీలో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందిమి అదే భాషతో కుస్తీ పట్టినవాళ్లమే. న్యాయ సలహా లాయర్లకు వదిలేద్దాం. మన ఊరి వసతి గృహానికి శనివారం వెళ్లి, ఉత్తరాలు చదివిపెట్టి, గంటసేపు జర్మన్‌లో కబుర్లు చెప్పి రావడం మన తెలుగు సంఘానికి పెద్ద పనేమీ కాదు.