లైను క్లియరు లేని జ్ఞాపకము

కాజీపేట–సికింద్రాబాదు రైలు మార్గమున స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది. స్టేషను అను మాటను పేరులోనే ధరించిన ఊరది. అక్కడి శ్రోతలకు బ్లాకు పద్ధతి క్రొత్త కాదు. రెండు స్టేషనుల నడుమ ఒక లైనుపై ఒకసారి ఒకే బండి ఉండవలెను. ముందలి స్టేషను లైను క్లియరు ఇచ్చువరకు వెనుకటి స్టేషను బండిని విడువరాదు.

కంప్యూటరులో నెట్‌వర్కు కార్డునకును ప్రాసెసరునకును నడుమ ఇట్టి నియమమే కలదు. వచ్చిన ప్యాకెట్టును కార్డు, ప్రాసెసరును కదలింపకయే, మెమొరీలో వ్రాయును. దీనినే డి.ఎం.ఎ. అందురు. ఇందుకై డ్రైవరు అను ప్రోగ్రాము కొన్ని బఫర్లను ముందే సిద్ధపరచి, వాని చిరునామాలను వలయముగా అమర్చిన పట్టికలో ఉంచును. ప్రతి పద్దునందును, ఈ బఫరు ప్రస్తుతము ఎవరి అధీనమో తెలుపు గుర్తు ఒకటి ఉండును.

చిక్కెక్కడ? ప్రాసెసరు ప్రతిసారి మెమొరీని చూడదు. తరచు 64 బైట్ల తునకలుగా నకళ్లు తీసి, కాష్ అను దగ్గరి అరలో దాచుకొనును. కార్డు మెమొరీలో క్రొత్త ప్యాకెట్టును వ్రాసినను, డ్రైవరు కాష్‌లోని పాత నకలునే చదువవచ్చును. అంతకంటె ప్రమాదకరము మరొకటి కలదు: ప్రాసెసరు మార్చి ఉంచిన నకలు ఆలస్యముగా మెమొరీకి తిరిగి పోయి, క్రొత్త ప్యాకెట్టునే చెరిపివేయవచ్చును. బండ్లు ఢీకొన్నచో ఊరంతయు వినును. ఇక్కడ చప్పుడే ఉండదు.

కావుననే లినక్సులో రెండు ఆజ్ఞలు కలవు. బఫరును చదువుటకు ముందు "సింక్ ఫర్ సీపీయూ", మరల కార్డునకు అప్పగించుటకు ముందు "సింక్ ఫర్ డివైస్" అని పిలువవలెను. అప్పగించునపుడు వరుస కూడ ముఖ్యము. చిరునామా, పొడవు మొదట వ్రాసి, అధీనపు గుర్తును చివర మార్చవలెను. ప్రాసెసరు ఈ వరుసను తారుమారు చేయకుండ నడుమ "బ్యారియరు" అను ఆజ్ఞను ఉంచుదురు.

ఇండ్లలోని సాధారణ ఎక్స్86 కంప్యూటర్లలో కాష్‌ను, మెమొరీని యంత్రమే ఏకముగా ఉంచును. కనుక సింక్ ఆజ్ఞను మరచిన డ్రైవరు అక్కడ ఏండ్ల తరబడి నిక్షేపముగా నడువవచ్చును. అట్టి ఏర్పాటు లేని చిన్న ఆర్మ్ యంత్రములు, రౌటర్లు అనేకము కలవు. అదే డ్రైవరు వానిలో అడుగిడిన నాడు సమాచారము చెడును. కారణము వెదకుట మిక్కిలి కష్టము.

ఒక యంత్రముపై పని చేసినంతమాత్రమున డ్రైవరు సరియైనదని తలపరాదు. బఫరు ఎప్పుడు ఎవరి అధీనమున ఉన్నదో ప్రతి అడుగునను చెప్పగలిగినప్పుడే అది సరియైనది.