ఇసుక తిన్నెల వెంట: భీమునిపట్నమునుండి బారువ వరకు

విశాఖపట్నమునుండి ఒడిసా సరిహద్దు వైపు పోవువారు సాధారణముగా 16వ నంబరు జాతీయ రహదారిని పట్టి పోవుదురు. ఆ బాట శీఘ్రమైనదే. కాని దానిమీద పోవువారికి సముద్రము కనబడుట అరుదు. ఆ రహదారికి తూర్పున, సరుగుడు తోపుల నడుమ, ఇసుక తిన్నెల ప్రక్కన, గ్రామమునుండి గ్రామమునకు పోవు చిన్న బాటలు కలవు. వానిని కలుపుకొనుచు మేము భీమునిపట్నమునుండి బారువ వరకు పయనించితిమి. ఈ త్రోవలో చూడదగినవి ఏవి, వానినుండి తీరగ్రామముల పంచాయతీలు గ్రహింపదగినది ఏమి అను విషయములను ఇచట వివరించుచున్నాము.

మన రాష్ట్రపు తీరరేఖ 974 కిలోమీటర్లు అని చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఇటీవల వంపులను, నదీముఖములను సూక్ష్మముగా కొలిచిన పిమ్మట అది సుమారు 1,053 కిలోమీటర్లని తేలినది. ఇందు శ్రీకాకుళము తీరము మిక్కిలి పొడవైనది. ఎన్నో గ్రామములకు ఈ తీరమే జీవనాధారము.

ఎర్రమట్టి దిబ్బలు

గోస్తనీ నది సముద్రములో కలియు చోట భీమునిపట్నము ఉన్నది. 17వ శతాబ్దములో డచ్చి వర్తకులు ఇచట స్థావరము ఏర్పరచుకొనిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1861లోనే ఇచట పురపాలక సంఘము ఏర్పడినది. పట్నమునకు దక్షిణమున, విశాఖపట్నమునకు పోవు తీరపు బాట ప్రక్కన, సుప్రసిద్ధములైన ఎర్రమట్టి దిబ్బలు కలవు.

పేరునకు మట్టియే గాని ఇవి ప్రధానముగా ఇసుకతో ఏర్పడినవి. పూర్వము సముద్రము వెనుకకు తగ్గిన కాలమున బయటపడిన ఇసుకను గాలి ఒడ్డునకు చేర్చి కుప్పలు పోసినది. ఇసుకరేణువులలోని ఇనుప ఖనిజము వేల ఏండ్లపాటు గాలికి, నీటికి తుప్పుపట్టి ఎర్రనైనది. పిదప వాననీరు కోసికోసి లోతైన గెడ్డలను చేసినది. ఇటువంటి ఎర్ర ఇసుక తిన్నెలు తమిళనాడులోను, శ్రీలంకలోను మరికొన్ని ఉన్నవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో కూడ ఇవి చేరినవి. వేల ఏండ్లలో ఏర్పడినది ఒక్కసారి చదును చేసినచో మరల రాదు.

ముక్కాము మొదలు కళింగపట్నము వరకు

గోస్తనిని దాటి ఉత్తరముగా పోయిన ముక్కాము, చేపలకంచేరు, చింతపల్లి మున్నగు మత్స్యకార గ్రామములు వచ్చును. చింతపల్లి చెంత సముద్రములో నావలకు ఆపద కలిగించు శిలలు ఉండుటచే అచట దీపస్తంభమును నిలిపిరి. కోనాడ వద్ద చంపావతీ నది సముద్రమును చేరుచున్నది. ఈ గ్రామముల ఒడ్డున తెల్లవారుజామున తెప్పలు దిగుటయు, అలివి వలను రెండు జట్లవారు ఒడ్డుకు లాగుటయు చూడదగిన దృశ్యములు. యంత్రపు పడవలకు ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటయే దీనికి కారణము.

ఈ బాటలో పోవువారు ఒక సంగతి గుర్తింపవలెను. నదీముఖములయొద్ద తీరము వెంట నేరుగా పోవుటకు వీలుండదు. లోనికి వచ్చి, వంతెన దాటి, మరల తీరమునకు పోవలెను. తుఫానుల కాలము గడచిన పిమ్మట, మార్గశిరము మొదలు ఫాల్గుణము వరకు, ఈ ప్రయాణమునకు అనుకూలము.

నాగావళిని దాటిన పిమ్మట శ్రీకూర్మము వచ్చును. విష్ణువును కూర్మావతారమున పూజించు అరుదైన క్షేత్రమిది. ఈ తీరమునకే మాఘ ఫాల్గుణముల ప్రాంతమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ వచ్చి, ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు 100 గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు 50 దినములకు పిల్లలు వెలువడి, వెలుగు కనబడు వైపు నడచును. సముద్రముపై వెలుగుకన్న ఊరి విద్యుద్దీపము ప్రకాశించినచో అవి దారి తప్పి నశించును. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణ నొసగినది.

వంశధార సముద్రములో కలియు చోట కళింగపట్నము పురాతనమైన రేవు. ఇచటి దీపస్తంభము 1876 నాటిది. చేరువనే వంశధార ఒడ్డున, కొండమీద శాలిహుండము బౌద్ధ శిథిలములు కలవు. వీనిని 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు.

పక్షుల గ్రామము, ఉద్దానము

టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు, రంగుల కొంగలు వలసవచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టుకొని, పిల్లలతో తిరిగిపోవును. ఆ పక్షులు రాకున్న ఊరికి మేలు కలుగదని గ్రామస్థుల నమ్మకము. అందుచే వానికి ఎవరును హాని చేయరు. చట్టముకన్న ముందుగా గ్రామపు కట్టుబాటు పనిచేసినదనుటకు ఇది నిదర్శనము. నౌపడ ప్రాంతమున ఉప్పు మళ్లు కన్నులు మిరుమిట్లు గొలుపుచుండును.

అచటినుండి బారువ వరకు వ్యాపించినది ఉద్దానము. ఉద్యానవనము అను మాటయే ఇట్లు మారినదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనసలతో నిండిన ఈ సీమను 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీవ్రముగా దెబ్బతీసినది. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గనుక, ఆ నష్టము ఒక్క పంటతో తీరునది కాదు. ఈ సీమలో మూత్రపిండముల వ్యాధి చాలకాలముగా ప్రజలను పీడించుచున్నది. దాని మూలకారణము పూర్తిగా తేలలేదు. అయినను సురక్షితమైన నీరు అవసరమని గుర్తించి, వంశధార జలమును హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా తెచ్చు పథకమును 2023 డిసెంబరులో ప్రారంభించిరి. మహేంద్రతనయా నది సముద్రములో కలియు బారువతో మా ప్రయాణము ముగిసినది.

ఇసుక తిన్నె చేయు ఉపకారము

త్రోవ పొడుగునను మాకు కనబడినది ఇసుక తిన్నెయే. దాని ఉపకారము రెండు విధములు.

మొదటిది రక్షణ. గాలితో కదలివచ్చు ఇసుకను బాలబందితీగ, రావణాసురుని మీసాలు అను మొక్కలు పట్టి నిలుపును. అట్లు తిన్నె పెరుగును. తుఫానులో ఉప్పెన వచ్చినపుడు కెరటము మొదట తిన్నెను కొట్టి బలము కోల్పోవును. తిన్నెలో గండి ఉన్నచో నీరు ఆ గండిలో క్రమ్మి, మరింత వేగముతో ఊరిమీద పడును.

రెండవది మంచినీరు. తిన్నెమీద కురిసిన వాన ఇసుకలో ఇంకి, ఉప్పునీటిపై తేలియాడును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరు నిలిచినచో, క్రింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉండునని శాస్త్రజ్ఞుల లెక్క. కావుననే ఒడ్డున చెలమ తీసినను తీయని నీరు దొరకుచున్నది. అయితే ఈ లెక్క వెనుకకు కూడ పనిచేయును. పైన 1 అడుగు తగ్గినచో, క్రింద 40 అడుగుల మేర ఉప్పునీరు పైకి వచ్చును. తిన్నెను త్రవ్వినను, పెద్ద పంపులతో నీరు తోడినను బావులు ఉప్పగుట ఇందువలననే.

పంచాయతీలు చేయదగినవి

తీరప్రాంత నియంత్రణ మండల ప్రకటన మొదట 1991లో వెలువడినది. ఇపుడు అమలులోనున్నది 2019 నాటిది. దీని ప్రకారము ఇసుక తిన్నెలు అత్యధిక రక్షణ గల తరగతిలో చేరినవి. సుందరీకరణము పేరనైనను, వినోదము పేరనైనను తిన్నెను చదును చేయుట నిషిద్ధము. ఈ సంగతిని సభ్యులందరును ఎరుగవలెను. ఈ క్రింది పనులు పంచాయతీకి అసాధ్యములు కావు.

1. గ్రామమునకు చేరిన తిన్నెలు, చెలమలు, తోపులు ఎచటెచట ఉన్నవో పటము గీయించి, గ్రామసభలో చదివి వినిపించవలెను.

2. ఇసుక కొరకు గాని, ఖనిజముల కొరకు గాని త్రవ్వకమునకు వచ్చినవారిని అనుమతి పత్రములను చూపుమని అడుగవలెను. అవి లేనిచో రెవెన్యూ అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను.

3. తెప్పలకు, మనుషులకు ఒడ్డునకు పోవు దారి తప్పదు. దానిని తిన్నెకు అడ్డముగా నేరుగా కోయక, వాలుగా, వంకరగా ఉంచినచో గాలియు, కెరటమును నేరుగా లోనికి రాలేవు.

4. గండిపడిన చోట కొబ్బరిమట్టల దడి కట్టి, బాలబందితీగ ముక్కలు నాటినచో ఇసుక మరల నిలుచును. ఇందులకు వ్యయము స్వల్పము.

5. తాబేళ్లు వచ్చు నెలలలో ఒడ్డువైపు దీపములను రాత్రివేళ ఆర్పుటయో, వానికి కప్పు వేయుటయో చేయవలెను.

6. యాత్రికులు వచ్చు గ్రామములలో బండ్లు నిలుపు చోటు తిన్నెకు లోపలివైపున ఏర్పరచి, చెత్తకు తొట్లు ఉంచవలెను. అద్దె బసలు, ఫలహారశాలలు గ్రామస్థులే నడుపుకొనుటకు స్వయంసహాయక సంఘములకు మొదటి అవకాశ మీయవలెను.

రాజ్యాంగపు 11వ షెడ్యూలులోని 29 విషయములలో చిన్న బాటలు, మత్స్య పరిశ్రమ, సామాజిక అడవులు, త్రాగునీరు చేరియున్నవి. కనుక ఈ కార్యము పంచాయతీల బాధ్యతయే. యాత్రికుడు తిన్నె అందమును చూచి పోవును; తుఫాను రాత్రి దాని చాటున ఉండవలసినవారు, దాని అడుగునుండి నీరు త్రాగవలసినవారు గ్రామస్థులు. దానిని నిలుపుకొను నిర్ణయము వారి గ్రామసభలోనే జరుగవలెను.