పల్నాటి పట్టణములలో అద్దె కాపురము

అద్దెయింటి కష్టములనగానే హైదరాబాదు, బెంగుళూరు మొదలగు మహానగరముల మాట యెత్తుట పరిపాటియైనది. అచట అద్దె హెచ్చు, ఇల్లు ఇఱుకు; నిజమే. మారుమూల పట్టణమున అద్దె స్వల్పము గనుక అచట అద్దెకుండువాడు సుఖజీవియని పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. మహానగరమున వానికి కొఱత ధనము. చిన్నపట్టణమున కొఱత వేఱొక యిల్లు. ఒక యజమానితో పొసగనినాడు మఱియొక వీధికి పోగలవానికి బేరమాడు శక్తి యుండును. పోవుటకు చోటు లేనివానికి అద్దె యెంత చౌకయైనను ఆ శక్తి యుండదు.

పల్నాటినే చూతము. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి కేంద్రమైనది. కార్యాలయములతోపాటు ఉద్యోగులును వచ్చిరి. నరసరావుపేటలో అపార్టుమెంటులు లేచినవి గనుక అచట కోరుకొనుటకు కొంత వీలు కలదు. గురజాల, మాచర్లల వైపునకు పోయినకొలది ఆ వీలు సన్నగిల్లును. అచట దొరకునది తఱచుగా యజమాని కాపురమున్న యింటిలో ఒక వాటా, లేక మీది యంతస్తు. బదిలీయై వచ్చిన ఉపాధ్యాయురాలికి, బ్యాంకు గుమాస్తాకు, ఆసుపత్రి నర్సుకు ఇల్లు దొరకుట ప్రకటనవలన గాదు, పరిచయమువలన. ఊరిలో నెఱిగినవారు లేనివారికి తలుపు తెఱచుకొనుట కష్టము.

తెఱచుకొన్నను మొదటి ప్రశ్న యేది? "మీరేమిటోళ్లు?" అనునది. అద్దె యెంతయో, నీరు వచ్చునో రాదో తరువాతి మాట. జవాబు రుచింపనిచో "నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చామండీ" యని మర్యాదగా పలికి పంపివేయుదురు. అస్పృశ్యతను రాజ్యాంగము 17వ అధికరణముచే నిషేధించినది. కాని యీ మర్యాదమాటకు సాక్ష్యమెవ్వరు? మాచర్లలో బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్కపంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు నడపెనని పల్నాటి వీరగాథ ఘోషించుచున్నది. ఆ కథను పిల్లలకు గర్వముతో చెప్పుకొనువారము, అదే పట్టణమున ఒక వాటా యిచ్చుటకు కులమడుగుట మనకు తగునా?

ఇక కాపురము కుదిరినదనుకొందము. రెంటచింతల యెండ రాష్ట్రమంతట ప్రసిద్ధము. మీది యంతస్తుయొక్క కాంక్రీటు కప్పు పగలెల్ల త్రాగిన వేడిని రాత్రి క్రిందికి వదలును. నీటి మోటారు మీట యజమాని చేతిలో నుండును. వేసవిలో నీటియెద్దడి కలిగిన దినములలో ఎవరి బిందె ముందు నిండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. విద్యుత్తు సంగతి యింకొకటి. వాడకము హెచ్చినకొలది యూనిటు ధర హెచ్చునట్లు గృహములకు శ్లాబులు ఏర్పఱచిరి. ఒకే మీటరుపై మూడు కాపురములున్నచో, ఏ యొక్కరును దుబారా చేయకున్నను మొత్తము వాడకము పైశ్లాబునకు ఎక్కును. ఆ భారమును అందఱును మోయవలసివచ్చును.

వీనియన్నిటికిని మూలమైన లోపము కాగితము లేకపోవుట. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయింపవలెను. అందువలననే 11 నెలల ఒప్పందములు వాడుకలోనికి వచ్చినవి. చిన్నపట్టణములలో పెక్కుచోట్ల ఆ మాత్రపు పత్రమును ఉండదు. అడ్వాన్సుకు రసీదు లేదు. అద్దెకు రసీదు లేదు. ఖాళీచేయునాడు గోడల సున్నమనియు, కుళాయిల మరమ్మతనియు అడ్వాన్సులో కోత పడిన యెడల, అద్దెకున్నవాడు చూపుటకేమున్నది? పాత పన్ను విధానమున ఇంటియద్దె భత్యముపై మినహాయింపు కోరు ఉద్యోగికి రసీదు లేమి ప్రత్యక్షనష్టము.

చట్టము బొత్తిగా మౌనముగా లేదు. ఒప్పందము లేనిచోట నివాసగృహపు అద్దెను నెలవారీదిగా నెంచి, ముగించుటకు 15 దినముల వ్రాతపూర్వకమగు నోటీసు ఇయ్యవలెనని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. కేంద్రమంత్రివర్గము 2021వ సంవత్సరము జూన్ 2వ తేదీన ఆమోదించిన ఆదర్శ అద్దెచట్టము ఒప్పందము వ్రాతలో నుండవలెననియు, నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, తగవు వచ్చినను నీరు, విద్యుత్తు ఆపరాదనియు నమూనా చూపినది. అయినను వేఱొక యిల్లు లేని యూరిలో, బిడ్డల చదువు నడుమనున్నప్పుడు 15 దినములు ఏమూలకు? చట్టమునకంటె ముందు యజమానుల మనస్సు మాఱవలెను.

యజమానులకును భయములు కలవు. ఇల్లు ఖాళీచేయించుటకు ఏండ్లతరబడి కోర్టుల చుట్టు తిరిగినవారి కథలు వారు వినియున్నారు. అద్దె యెగవేసి పోయినవారును లేకపోలేదు. కాని యీ భయమునకు మందు కులవిచారణ కాదు, పత్రమే. గడువును, అద్దెను, మరమ్మతుల బాధ్యతను స్పష్టముగా వ్రాసికొన్న కాగితము ఇరువురిని గాపాడును.

ఇందు పట్టణము నష్టపోవుచున్నదేమో గమనింపుడు. ఇల్లు కుదురని ఉద్యోగి కుటుంబమును నరసరావుపేటలోనో గుంటూరులోనో ఉంచును. మాచర్లనుండి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ప్రతిదినము దూరప్రయాణము చేయు ఉపాధ్యాయుని చూపు చివరిగంటలో బస్సుపై నుండును. సాయంకాలము వెనుకబడిన బాలునికి పాఠము చెప్పువారుండరు. వైద్యుడు ఊర లేని రాత్రి పురిటినొప్పులు వచ్చిన యాడుబిడ్డను కారులో నెక్కించుకొని పరుగిడవలసినది మనమే. ఆ యుద్యోగి వెచ్చించెడి జీతమును వేఱొక యూరి బజారునకే చేరును. మంచి ఉద్యోగులు మా యూర నిలువరని వాపోవు పెద్దలు, నిలుచుటకు వారికేమి చోటిచ్చితిమో యోచింపవలదా?

బదిలీలు సాధారణముగా వేసవిలో జరుగును. రాబోవు వేసవిలో మీ వాకిట నిలుచు క్రొత్తవానిని కులమడుగక పని యడుగుడు. రెండు నెలలకు మించక అడ్వాన్సు పుచ్చుకొని రసీదు వ్రాసియిండు. వాటాకొక మీటరు పెట్టించుడు. నీటివేళలను ముందే చెప్పుడు. వీనిలో మీకు బరువగునది యొక్కటియు లేదు. ఊరికి మాత్రము ఒక ఉపాధ్యాయుడో, ఒక నర్సో దక్కుదురు.